పాఠం చెప్పే విద్యార్థికి దక్కవలసినది

కొత్త విద్యా సంవత్సరం మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే ట్యుటోరియల్ తరగతులు చెప్పే, పేపర్లు దిద్దే, ల్యాబు చూసుకునే, ఆచార్యుల ప్రాజెక్టులలో పనిచేసే విద్యార్థులకు ఎంత ఇవ్వాలి, వారి చేత ఎన్ని గంటలు పని చేయించుకోవచ్చు, ఆ పనికి ఏ పేరు పెట్టాలి అన్నదే ఆ విషయం. అందుచేత ఈ నెల శీర్షికను మొత్తంగా దానికే కేటాయించాను. ఒకే తీరు ప్రశ్నలను ఒకటిగా కలిపాను. రాసినవారు ఎవరో పోల్చుకోగల వివరాలను తొలగించాను.

ప్రశ్న: నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ రెండో సంవత్సరంలో ఉన్నాను. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) ఇచ్చే జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తోంది. మా గైడ్ గారు ఎమ్మెస్సీ మొదటి సంవత్సరానికి తాము చెప్పవలసిన పేపరును పూర్తిగా నాకు అప్పగించారు. తరగతులు, ల్యాబు, ఇంటర్నల్ పరీక్షల పేపర్లు దిద్దడం అన్నీ కలిపితే వారానికి 14 గంటలు దాటుతోంది. ఇందుకు విడిగా ఏమీ ఇవ్వరు. అడిగితే "రేపు ఉద్యోగానికి అనుభవం పనికొస్తుంది కదమ్మా" అంటారు. నా ప్రయోగాలు మూలపడ్డాయి. కాదనవచ్చా? కాదంటే ఏమవుతుందోనని భయంగా ఉంది. (ఒక పరిశోధక విద్యార్థిని, తార్నాక)

సమాధానం: కాదనవచ్చునమ్మా. అయితే మొత్తం పనిని కాదు, హద్దు దాటిన భాగాన్ని. ఆ హద్దు ఎక్కడ ఉందో ముందుగా తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది.

2022 నవంబరులో యూజీసీ ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనలు ఈ విషయంలో రెండు మాటలు చెబుతున్నాయి. మొదటిది, ఏ శాఖలో పరిశోధన చేస్తున్నవారైనా తమ విషయానికి సంబంధించిన బోధనలో, రచనలో శిక్షణ పొందాలి. రెండవది, ట్యుటోరియల్ తరగతులు, ప్రయోగశాల పని, మూల్యాంకనం వంటి వాటి కోసం పరిశోధక విద్యార్థికి వారానికి 4 నుంచి 6 గంటల బోధన లేదా పరిశోధన సహాయక బాధ్యత అప్పగించవచ్చు. ఇక్కడ గంటల సంఖ్య ఎంత ముఖ్యమో పని స్వభావమూ అంతే ముఖ్యం. ట్యుటోరియల్ చెప్పడం, ల్యాబులో పిల్లల పక్కన నిలబడి పరికరం పట్టుకోవడం నేర్పడం, పేపర్లు దిద్దడం సహాయకుల పనులే. పాఠ్యప్రణాళిక వేసుకుని, సెమిస్టరు పొడుగునా ఉపన్యాసాలు చెప్పి, ప్రశ్నపత్రం తయారుచేసి, మార్కులకు బాధ్యత వహించడం మాత్రం అధ్యాపకుని పని. దాని విలువ ఎంతో తెలియాలంటే మరొక లెక్క చూడండి. 2019లో యూజీసీ అతిథి అధ్యాపకులకు ఒక్కో ఉపన్యాసానికి 1,500 రూపాయల వరకు, నెలకు 50,000 రూపాయలకు మించకుండా పారితోషికం నిర్ణయించింది. మీరు ఉచితంగా చేస్తున్నది ఆ స్థాయి పని. అయితే జేఆర్‌ఎఫ్ తీసుకుంటున్నవారు మరొక చోట జీతం పుచ్చుకోవడానికి వీలు లేదు కనుక, దానికి డబ్బు అడగడం మీకు దారి కాదు. గంటలు తగ్గించమని అడగడమే దారి.

ఇక అనుభవం సంగతి. మీ గైడ్ గారు మనసులో మంచి ఉద్దేశంతోనే ఆ మాట అని ఉండవచ్చు, కానీ నియమం మరోలా ఉంది. అధ్యాపక నియామకాలపై యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేయడానికి పట్టిన కాలాన్ని బోధనానుభవంగా గానీ, పరిశోధనానుభవంగా గానీ లెక్కకట్టరు. ఉద్యోగంలో ఉంటూ, సెలవు పెట్టకుండా, పాఠాలు చెబుతూనే పరిశోధన చేసినవారికి మాత్రమే ఆ సేవాకాలం లెక్కలోకి వస్తుంది. పూర్తికాలపు పరిశోధక విద్యార్థిగా మీరు ఎన్ని పేపర్లు చెప్పినా, రేపు దరఖాస్తులోని అనుభవం గడిలో ఆ సంవత్సరాలు రాసుకోలేరు. పాఠం చెప్పడం మీకు వస్తుంది, అది మీ సొత్తు. దానిని కాగితం మీద అనుభవంగా చూపగలరన్న ఆశతో మాత్రం ప్రయోగాలను పణంగా పెట్టకండి. ఫెలోషిప్ 5 సంవత్సరాలకు మించి రాదు, ఆ గడియారం మీ ప్రయోగాలు మూలపడిన నెలల్లో కూడా తిరుగుతూనే ఉంటుంది.

అడగడం ఎలాగన్నది అసలు చిక్కు. మన దగ్గర గైడ్ అంటే సంతకం పెట్టే అధికారి మాత్రమే కాదు, గురుస్థానం. "నా వల్ల కాదండీ" అని ముఖాన అనడానికి నోరు రాదు, అంటే సంబంధం చెడుతుందన్న జంకూ సహజమే. కాబట్టి ముందుగా నాలుగు వారాల పాటు మీ గంటలను తేదీలతో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి: తరగతి ఎంతసేపు, తయారీ ఎంతసేపు, దిద్దడం ఎంతసేపు. ఆ తరువాత ఆయన తీరికగా ఉన్న సమయం చూసుకుని, ఫిర్యాదు మాటలేవీ లేకుండా, ఈ సెమిస్టరులో పూర్తికావలసిన ప్రయోగాల పట్టికను, ఆ గంటల లెక్కను పక్కపక్కన పెట్టి, "సార్, ట్యుటోరియళ్లు, ల్యాబు నేను చూసుకుంటాను, ఉపన్యాసాలు మాత్రం మీరు తీసుకుంటే అక్టోబరులోగా ఈ భాగం పూర్తిచేయగలను" అని అడగండి. తాము అప్పగించిన పని ఎంత పెరిగిందో లెక్క చూసేదాకా గమనించని ఆచార్యులు నిజంగానే చాలామంది ఉంటారు. ఒప్పుకున్నారంటే, ఆ ఒప్పందాన్ని వినయంగా ఒక చిన్న ఈమెయిల్‌లో పెట్టి, "తమరు చెప్పిన ప్రకారం" అంటూ పంపించండి. ఒప్పుకోకపోతే పరిశోధక సలహా సంఘం ఉన్నది. ప్రతి సెమిస్టరులోనూ మీరు దాని ముందు మీ ప్రగతిని వివరించాలి కదా, ఆ నివేదికలోనే బోధనకు వెచ్చించిన గంటలను ఒక వాక్యంగా చేర్చండి. నిందలాగా కాక వివరంగా ఉన్న ఆ వాక్యాన్ని ఎవరూ తప్పుపట్టలేరు, చదివినవారెవరూ పట్టించుకోకుండానూ ఉండలేరు.

ఈ ఉత్తరం నన్ను కలవరపెట్టడానికి మరొక కారణం ఉంది. మీకు కనీసం నెలకు 37,000 రూపాయలు వస్తున్నాయి, రెండేళ్లు దాటి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే 42,000 వస్తాయి, హాస్టల్‌లో లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నెట్ (యూజీసీ అర్హత పరీక్ష) లేకుండా చేరిన మీ పక్క గది విద్యార్థికి వచ్చేది 8,000 రూపాయలు. ఆ మొత్తాన్ని కూడా తీసేయాలని 2015లో యూజీసీ తలపెట్టినప్పుడు ఢిల్లీలో ఆ కార్యాలయం ముందే విద్యార్థులు రోజుల తరబడి కూర్చుని పోరాడవలసి వచ్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఏ ఫెలోషిప్పూ లేనివారికి ఆ 8,000 కూడా లేదు. ఈ ముగ్గురూ ఒకే విధమైన ట్యుటోరియల్ చెబుతారు, ఒకే కట్ట పేపర్లు పంచుకుని దిద్దుతారు. ఫెలోషిప్ ఉన్నవారి విషయంలో ఆ 4 నుంచి 6 గంటలు ఫెలోషిప్‌లోనే కలిసి ఉన్నాయని అనుకోవచ్చు. ఏమీ లేనివారి చేత అదే పని చేయించుకుంటే, గంటకు ఇంత అని లెక్కగట్టి వారికి విడిగా ఇవ్వడమే న్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. నిబంధనలో గంటలున్నాయి గానీ డబ్బు మాట లేదు. ఆ లోటును విశ్వవిద్యాలయాలు తమ అకడమిక్ కౌన్సిళ్లలో తీర్మానం చేసి పూడ్చుకోవచ్చు, అందుకు ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనక్కర లేదు.

నేను పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో వారానికి రెండు ట్యుటోరియళ్లు ఇచ్చారు. మొదటి తరగతిలో వెనుక బెంచీ నుంచి ఒక అబ్బాయి, నేను అప్పటికి నాలుగేళ్లుగా అర్థమైందనుకుంటున్న ఒక సూత్రాన్ని "ఎందుకు?" అని అడిగాడు, జవాబు రాలేదు. ఆ రాత్రంతా కూర్చుని దాన్ని మొదటి నుంచి చదువుకున్నాను. నా థీసిస్‌లోని రెండో అధ్యాయం ఆ రాత్రి నుంచే పుట్టింది. కనుక పాఠం చెప్పడాన్ని వదులుకొమ్మని నేను ఎన్నడూ చెప్పను. వారానికి రెండు గంటల తరగతి నాకు ఆ మేలు చేసింది, పద్నాలుగు గంటలైతే ఆ రాత్రి కూర్చోవడానికి ఓపికే మిగిలి ఉండేది కాదు.

ప్రశ్న: గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) రాసి ఎంటెక్‌లో చేరాను. నెలకు 12,400 ఇస్తామన్నారు, ఇప్పటికి నాలుగు నెలలుగా పడలేదు. ఇల్లు గడవడానికి అమీర్‌పేటలో సాయంత్రం కోచింగ్ క్లాసులు చెబుతాను అంటే సీనియర్లు వద్దంటున్నారు. చెబితే తప్పా? (ఒక విద్యార్థి, కూకట్‌పల్లి)

సమాధానం: సీనియర్లు చెప్పింది నిజమే. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ ఇచ్చే ఈ పీజీ ఉపకార వేతనానికి ఉన్న షరతులలో ముఖ్యమైనవి రెండు. సంస్థ అప్పగించిన బోధన, పరిశోధన పనులకు వారానికి 8 నుంచి 10 గంటలు కేటాయించాలి, చదువు సాగినంత కాలం మరే మూలం నుంచీ జీతం గానీ, స్టైపెండ్ గానీ తీసుకోకూడదు. ఆ మొత్తం గరిష్ఠంగా 24 నెలలు వస్తుంది. కోచింగ్ సెంటరు జీతం మీ బ్యాంకు ఖాతాలో కనబడితే, రావలసిన బకాయి కూడా చిక్కులో పడుతుంది.

డబ్బు ఆగిపోవడానికి మామూలుగా ఉండే కారణాలు మీ ఊహకు అందనంత చిన్నవి: ఆధార్‌లోని పేరుకూ బ్యాంకు ఖాతాలోని పేరుకూ ఒక అక్షరం తేడా ఉండటం, ఖాతా ఆధార్‌తో అనుసంధానం కాకపోవడం, కాలేజీ ప్రతి నెలా పంపవలసిన హాజరు ధ్రువీకరణ పోర్టల్‌లో ఎక్కకపోవడం. ముందు మొదటి రెండూ మీరే సరిచూసుకోండి. మూడోదాని కోసం మీ కాలేజీలో పోర్టల్ పని చూసే గుమస్తా గారిని కలిసి, ఏ నెల వరకు ఎక్కించారో తెలుసుకోండి. ఎక్కించలేదని తేలితే, పేర్లతో సహా బకాయి పడిన విద్యార్థులందరూ కలిసి ప్రిన్సిపాల్ గారికి ఒకే అర్జీ ఇవ్వండి. ఒక్కరు పదిసార్లు తిరగడం కంటే పదిమంది ఒక్కసారి వెళ్లడం మేలు.

మీ ఆకలి వేళ నియమాలు వల్లించి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఒక్క మాట మాత్రం బాధతో చెప్పాలి. 2014లో జేఆర్‌ఎఫ్ 25,000 రూపాయలు అయింది, 2019లో 31,000కు, 2023లో 37,000కు పెరిగింది. అది పరిశోధక విద్యార్థులు పట్టుబట్టి సాధించుకున్న పెంపు. ఎంటెక్ విద్యార్థి 12,400 మాత్రం దశాబ్దానికి పైగా అక్కడే ఉండిపోయింది. కూకట్‌పల్లిలో ముగ్గురు కలిసి ఉండే గది అద్దె, మెస్ ఖర్చు ఆ దశాబ్దంలో ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాయో మీకు నేను చెప్పనక్కర లేదు. రెండేళ్ల చదువు కాబట్టి, గళం విప్పేలోగా విద్యార్థులు వెళ్లిపోతారు. అందుకే ఈ అంకె కదలడం లేదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఈ ఏడాదే పూర్తయింది. ఒక ప్రకటనలో "ఆర్‌ఏ" అని, మరొక దానిలో "ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్" అని, ఇంకొక దానిలో "ప్రాజెక్ట్ అసోసియేట్" అని ఉంది. ఏది నాకు తగినది? ప్రాజెక్టులో చేరితే పీహెచ్‌డీ సీటు వచ్చినట్టేనా? (ఒక పాఠకురాలు, ఉప్పల్)

సమాధానం: మీరుండేది ఈ పోస్టుల నడిబొడ్డున. పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ మూడూ తార్నాక, హబ్సిగూడల మధ్యే ఉన్నాయి కనుక, వాక్-ఇన్ ఇంటర్వ్యూ అంటే మీరు సిటీ బస్సులో వెళ్లి రావచ్చు. మాటలు మాత్రం జాగ్రత్తగా విప్పుకోవాలి.

ఆర్‌ఏ అన్న రెండక్షరాలు రెండు వేర్వేరు కొలువులకు వాడుతున్నారు. సైన్సు సంస్థలలో అది రీసెర్చ్ అసోసియేట్. పీహెచ్‌డీ పూర్తయినవారికి, లేదా ఎంటెక్, ఎంఫార్మసీ వంటి డిగ్రీ తరువాత మూడేళ్ల అనుభవంతో పాటు ప్రచురించిన పరిశోధన పత్రం ఉన్నవారికి ఇచ్చే పోస్టు అది. 2023 జనవరి నుంచి దాని మూడు అంచెలకు నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు నిర్ణయించారు. సాంఘిక శాస్త్రాలలో ఆర్‌ఏ అంటే తరచుగా రీసెర్చ్ అసిస్టెంట్, పీజీ చేసినవారు ఆ పోస్టుకు అర్హులు. అందుచేత ప్రకటనలో పొడి అక్షరాలను కాక, అర్హత గడిని చదవండి. మీకు సరిపోయేవి ప్రాజెక్ట్ అసోసియేట్, ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ పోస్టులు. నెట్ లేదా గేట్ అర్హత ఉంటే వాటిలో ఎక్కువ మొత్తం ఇస్తారు, లేకపోతే తక్కువ ఇస్తారు. అందుకే ప్రాజెక్టులో చేరినా నెట్ ప్రయత్నం ఆపవద్దు.

ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్, యూజీసీ జేఆర్‌ఎఫ్ పేరులోనే కవలలు. యూజీసీ జేఆర్‌ఎఫ్ మీతో పాటు మీరు చేరిన సంస్థకు వస్తుంది. ప్రాజెక్ట్ జేఆర్‌ఎఫ్ ఆ ఆచార్యుని ప్రాజెక్టుకు చెందినది, నిధి అయిపోయిన రోజున అదీ అయిపోతుంది. పీహెచ్‌డీ ప్రవేశం వేరే ప్రక్రియ, ప్రాజెక్టులో చేరినంత మాత్రాన అది రాదు. చేరే ముందు ఆ శాస్త్రవేత్తను మూడు సంగతులు అడగడానికి మొహమాటపడవద్దు: ప్రాజెక్టులో ఇంకా ఎన్ని నెలలు మిగిలి ఉంది, ఈ పని మీద తరువాత పీహెచ్‌డీకి నమోదు చేసుకునే వీలుందా, నా చేతి మీదుగా జరిగిన ప్రయోగాలతో పత్రం ప్రచురిస్తే నా పేరు ఉంటుందా. మూడో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే ల్యాబులోనే చేరండి, నెలకు రెండు వేలు తక్కువైనా సరే.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాకు టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పోస్టులు ఉండవా? (ఒక విద్యార్థి, గచ్చిబౌలి)

సమాధానం: కొన్ని సంస్థలలో ఉన్నాయి. మీకు దగ్గరలోనే ఉన్న ట్రిపుల్ ఐటీలో సీనియర్ బీటెక్ విద్యార్థులు కింది తరగతులకు టీఏలుగా పనిచేసే పద్ధతి ఉంది. మీ కాలేజీలో లేకపోతే, మీరు మంచి మార్కులు తెచ్చుకున్న ఒక కోర్సు అధ్యాపకుణ్ని కలిసి, ప్రోగ్రామింగ్ ల్యాబులో సహాయం చేస్తానని అడగండి. గౌరవ వేతనం ఎంతో, ఎన్ని వారాలో ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. కన్సల్టెన్సీ వారు "మొదటి సెమిస్టరు ఫీజు కట్టండి చాలు, రెండో సెమిస్టరు నుంచి టీఏ వస్తుంది, ఫీజు మాఫీ అవుతుంది, నెలనెలా జీతం కూడా వస్తుంది" అన్నారు. ఆ ధైర్యంతోనే ఇంటి మీద అప్పు తీసుకుందామనుకుంటున్నాము. మావారు ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. మీ సలహా కావాలి. (ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్)

సమాధానం: అమ్మా, ఆ ధైర్యంతో మాత్రం ఇల్లు తాకట్టు పెట్టకండి. అబ్బాయిని పంపవద్దని కాదు, మొత్తం చదువుకయ్యే ఖర్చును టీఏ ఉద్యోగం రాదనే లెక్కతోనే వేసుకోండి. వస్తే మంచిది.

అక్కడి పద్ధతి ఇలా ఉంటుంది. పీహెచ్‌డీ విద్యార్థులను చేర్చుకునేటప్పుడే చాలా విభాగాలు కొన్ని సంవత్సరాల పాటు ఆర్థిక సహాయం ఇస్తామని లేఖలో రాస్తాయి. టీఏ పోస్టులు ముందుగా వారికే వెళతాయి. ఎంఎస్ విద్యార్థులకు మిగిలినవి దక్కుతాయి, కొన్ని విభాగాలలో అసలు మిగలవు. టీఏ జీతం విభాగం బోధన బడ్జెట్ నుంచి వస్తుంది, ఆర్‌ఏ జీతం ఒక ఆచార్యుడు తెచ్చుకున్న పరిశోధన నిధి నుంచి వస్తుంది. ఆ నిధి ఆగితే ఆర్‌ఏ కూడా ఆగుతుంది. 2025లో అమెరికా ప్రభుత్వం పరిశోధన నిధులకు కోతలు పెట్టినప్పుడు కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ప్రవేశాలనే తగ్గించుకున్నాయి. అటువంటి చోట ఎంఎస్ విద్యార్థికి రెండో సెమిస్టరులో పోస్టు ఖాయమని హైదరాబాదులో కూర్చున్న ఏజెంటు చెప్పలేడు. నిజంగా ఖాయమైతే అది విశ్వవిద్యాలయం అబ్బాయికి పంపిన లేఖలో ఉంటుంది. లేఖలో లేనిది లేనట్టే.

లేఖలో ఉంటే దానిని ఇలా చదవండి. "50 శాతం నియామకం" అంటే వారానికి 20 గంటల పని, "25 శాతం" అంటే 10 గంటలు. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. టీఏతో పాటు లైబ్రరీలోనో, క్యాంటీన్‌లోనో మరొక పని చేస్తే ఆ గంటలు కూడా ఇందులోనే కలుస్తాయి. జీతం 9 నెలలకా, 12 నెలలకా అన్నది చూడండి. తొమ్మిది నెలలకైతే వేసవిలో అద్దె ఎలా కడతాడో ఇప్పుడే ఆలోచించాలి. ట్యూషన్ మాఫీ అన్నప్పుడు అది పూర్తిగానా, కొంతవరకేనా, ట్యూషన్ కాక విడిగా వేసే ఇతర ఫీజులు, ఆరోగ్య బీమా ఎవరు కట్టాలి అన్నది అబ్బాయి చేత విభాగానికి ఈమెయిల్ రాయించి తెలుసుకోండి. అక్కడివారు ఇటువంటి ప్రశ్నలను తప్పుగా తీసుకోరు. ఆర్థిక సహాయంతో కూడిన ఆఫరు వచ్చినవారికి మరొక రక్షణ ఉంది. అక్కడి గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానంలో చేరిన విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15కు ముందే జవాబు చెప్పమని విద్యార్థిని బలవంతపెట్టకూడదు.

చేరిన వెంటనే జీతం చేతికి రాదు. ఉద్యోగ లేఖ చూపించి సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకోవాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, ఆ తరువాతే జీతం పడుతుంది. కాబట్టి మొదటి రెండు నెలల ఖర్చు వెంట తీసుకెళ్లాలి. ఎఫ్-1 విద్యార్థులకు సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల కోత ఉండదు, ఆదాయపు పన్ను మాత్రం ఉంటుంది. అయితే భారత, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద మన విద్యార్థులు అక్కడి పౌరులకిచ్చే స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసే ముందు ఆదాయం నుంచి తీసివేసే స్థిరమైన మొత్తం) తీసుకోవచ్చు. మిగతా దేశాల విద్యార్థులలో చాలామందికి ఈ వెసులుబాటు లేదు, మనవారిలోనూ తెలియక వదులుకునేవారు ఉన్నారు.

మీ ఉత్తరం చివర "వేరేవాళ్ల పేపర్లు దిద్దే పని చేయడం మా అబ్బాయికి చిన్నతనం కాదా" అని కూడా అడిగారు. కాదమ్మా. అది విశ్వవిద్యాలయంలో గౌరవమైన పని. 2016లో అక్కడి జాతీయ కార్మిక సంబంధాల బోర్డు కొలంబియా విశ్వవిద్యాలయం కేసులో, ప్రైవేటు విశ్వవిద్యాలయాలలో పాఠాలు చెప్పే, పరిశోధనకు సహాయపడే విద్యార్థులు చట్టం దృష్టిలో ఉద్యోగులేనని తేల్చింది. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ క్యాంపస్‌లన్నింటిలో టీఏలు, ఆర్‌ఏలు, ఇతర పరిశోధన సిబ్బంది కలిపి 48,000 మంది సమ్మె చేశారు. పేపర్లు దిద్దేవారు చేతులు ఆపితే సెమిస్టరు చివర మార్కులు రావని అప్పుడు అందరికీ తెలిసింది, జీతాలు పెరిగాయి.

ప్రశ్న: పదో తరగతి వరకు సిద్దిపేట దగ్గర పల్లెలో తెలుగు మీడియం. ఇప్పుడు పీహెచ్‌డీలో చేరాను, వచ్చే వారం నుంచి ట్యుటోరియల్ చెప్పమన్నారు. పిల్లలందరూ కార్పొరేట్ స్కూళ్లలో చదివినవారు. ఇంగ్లీషులో తడబడితే నవ్వుతారేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. తప్పించుకునే దారి ఉందా? (ఒక పరిశోధక విద్యార్థి, మాణికేశ్వర్ నగర్)

సమాధానం: తప్పించుకోకండి తమ్ముడూ. మీరు ఉంటున్న చోటికి కూతవేటు దూరంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైనప్పుడు, ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించడానికి పూనుకుంది. అందుకోసం ఒక అనువాద విభాగాన్నే ఏర్పాటు చేసి, భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల పుస్తకాలను తర్జుమా చేయించింది. ఒక సంగతిని ఒక భాష నుంచి మరొక భాషలోకి తెచ్చుకుని అర్థం చేసుకున్నవాడు దానిని రెండుసార్లు చదివినట్టని ఆ విభాగంలో పనిచేసినవారికి తెలిసే ఉంటుంది. మీరు పదేళ్లుగా చేస్తున్నదీ అదే.

ఇక పని సంగతి. ట్యుటోరియల్ అంటే ఉపన్యాసం కాదు, లెక్కలు చేయించడం. మాట కంటే బోర్డు ఎక్కువగా మాట్లాడుతుంది. మొదటి తరగతికి మూడు లెక్కలే తీసుకోండి. ఒక్కో లెక్కను ముందు రోజు కాగితం మీద మెట్టుమెట్టుగా చేసుకుని, ఒక్కో మెట్టు పక్కన మీరు చెప్పబోయే వాక్యాన్ని ఇంగ్లీషులో పూర్తిగా రాసుకోండి. ఒక్కసారి ఖాళీ గదిలో, తలుపు వేసుకుని, బోర్డు మీద రాస్తూ పైకి చదవండి. గంట పడుతుందనుకున్నది నలభై నిమిషాలలో అయిపోతుంది, మిగిలిన సమయం ప్రశ్నలకు వదిలేయండి. ప్రశ్న అర్థం కాకపోతే "మళ్లీ ఒకసారి చెప్పు" అనడంలో తప్పు లేదు, జవాబు తెలియకపోతే "వచ్చే వారం చెబుతాను" అని నోటుపుస్తకంలో రాసుకుని, వచ్చే వారం తప్పకుండా చెప్పండి. తరగతి అయ్యాక ఇద్దరు ముగ్గురు మీ దగ్గరకు వచ్చి తెలుగులో సందేహం అడుగుతారు. వారిలో ఒకరు మీ ఊరి వైపు నుంచే వచ్చి ఉండవచ్చు, తరగతిలో నోరు విప్పడానికి జంకి ఉండవచ్చు. వారికి తెలుగులోనే చెప్పండి, ఆ పక్కనే ఇంగ్లీషు పారిభాషిక పదాన్ని బోర్డు మీద రాయండి. ఆ పదిహేను నిమిషాలను కూడా మీ వారపు గంటల లెక్కలో వేసుకోవడం మరచిపోకండి.